స్లాబు దాచుకున్న ఎండ

మే నెల, రాత్రి పది గంటలు. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, కానీ కిందికి తోసేది వేడిగాలినే. ఒకసారి ఫ్యాను ఆపి, స్టూలెక్కి పైకప్పుకు అరచెయ్యి ఆనించి చూడండి. పొద్దుగూకి మూడు గంటలు దాటినా కాంక్రీటు జ్వరం వచ్చిన నుదురులా తగులుతుంది. ఇంట్లో ఎవరో ఒకరు లేచి బకెట్లతో మేడ మీదికి వెళ్తారు. నీళ్ళు చల్లగానే గచ్చు గటగటా తాగేస్తుంది, తడిసిన సిమెంటు వాసన లేస్తుంది, కాసేపటికే అంతా ఆరిపోతుంది. కింద గదిలో మాత్రం ఏ మార్పూ ఉండదు.

మా ఇంట్లో ఈ పని ఏళ్ళ తరబడి నాదే. నీళ్ళు చాలలేదేమో అనుకుని మర్నాడు ఇంకో నాలుగు బకెట్లు ఎక్కువ మోసేవాణ్ణి. తప్పు నీళ్ళ లెక్కలో లేదనీ, వేళలో ఉందనీ చాలా ఆలస్యంగా తెలిసింది. అది తెలియాలంటే వేడి ఒక్కో వస్తువులో ఎలా నడుస్తుందో, ఎక్కడ ఆగుతుందో అర్థం కావాలి. నిజానికి ఇందులో రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. ఒక వస్తువు తన గుండా వేడిని ఎంత సులువుగా పోనిస్తుంది? తనలో ఎంత వేడిని దాచుకుంటుంది? మామూలు మాటల్లో ఈ రెండింటినీ కలిపి ‘తొందరగా వేడెక్కుతుంది’ అనేస్తాం. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

చెయ్యి ఇచ్చే సాక్ష్యం

ముందుగా ఒక అపోహ తీరాలి. మన చెయ్యి థర్మామీటరు కాదు.

చలికాలం తెల్లవారుజామున వంటగదిలో 20 డిగ్రీలుందనుకోండి. రాత్రంతా అక్కడే ఉన్న స్టీలు బిందె, చెక్క పీట కూడా 20 డిగ్రీల్లోనే ఉంటాయి. అయినా బిందె తగిలితే ఒళ్ళు జివ్వుమంటుంది, పీట మీద మాత్రం నిశ్చింతగా కూర్చుంటాం. మన చర్మం దాదాపు 33 డిగ్రీల్లో ఉంటుంది. అందులోని నాడులకు తెలిసేది చర్మం తన ఉష్ణోగ్రత, అది మారుతున్న వేగం. అవతలి వస్తువు సంగతి వాటికి నేరుగా తెలియదు. స్టీలును తాకినప్పుడు చర్మం నుంచి వెళ్ళిన వేడిని అది వచ్చింది వచ్చినట్టే లోపలికి లాగేసుకుంటుంది. తాకిన చోట చర్మం క్షణంలో 22 డిగ్రీల దాకా పడిపోతుంది. చెక్క అలా లాగలేదు. తగిలిన పైపొర కాస్త వెచ్చబడగానే ఆ వేడి లోపలికి పోలేక అక్కడే నిలిచిపోతుంది. అందువల్ల చర్మం 30 దగ్గరే ఆగుతుంది.

ఇదే బిందె, ఇదే పీట ఎండాకాలం వరండాలో 45 డిగ్రీలకు చేరాయనుకుందాం. ఇప్పుడు వేడి ఎదురు దిశలో, వస్తువు నుంచి చేతికి వస్తుంది. స్టీలు తగిలిన చర్మం 43 డిగ్రీలకు ఎగబాకుతుంది, చెక్క తగిలిన చర్మం 36 దగ్గర ఆగుతుంది. చలిలో ఎక్కువ చల్లగా తోచినదే ఎండలో ఎక్కువ కాలుతున్నట్టు తోస్తుంది. ‘చలవ బండ’ అని మనం మెచ్చుకునే తాండూరు నాపరాయి గానీ, కడప బండ గానీ ఏ మంత్రమూ వేయడం లేదు. మన పాదం కన్నా అవి చల్లగా ఉన్నంత సేపు పాదంలోని వేడిని చురుగ్గా గుంజుకుంటాయి. అదే బండను ఎండలో పరిస్తే కాళ్ళు బొబ్బలెక్కుతాయి.

ఈ సంగతి కనిపెట్టి చాలా కాలమైంది. 18వ శతాబ్దంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన చెక్క బల్ల కన్నా దానికున్న తాళం చల్లగా తగలడం గురించి ఒక లేఖలో రాశాడు. లోహాలు వేడిని ఏ వరుసలో మోస్తాయో పోల్చి చూడాలన్న పట్టుదల ఆయన మిత్రుడు, డచ్ వైద్యుడు యాన్ ఇంగెన్‌హౌజ్ చేత ఒక చక్కటి ప్రయోగం చేయించింది. ఒకే కొలతలున్న వేర్వేరు లోహపు తీగలకు మైనం పూసి, వాటి చివరలను వేడినూనెలో ముంచాడు. ఏ తీగ మీద మైనం ఎంత ఎత్తు వరకు కరిగిందో చూసుకుంటే చాలు, వరుస తేలిపోతుంది. మొక్కలు ప్రాణవాయువును విడవాలంటే వెలుతురు ఉండాలని చూపిందీ ఈయనే. 1822లో ఫ్రాన్సుకు చెందిన జోసెఫ్ ఫోరియర్ వేడి పారే తీరుకు గణితరూపం ఇచ్చాడు. గోడకు రెండు వైపులా ఉష్ణోగ్రతలో తేడా పెరిగితే వేడి ఎక్కువగా పారుతుంది, గోడ దళసరి పెరిగితే తక్కువగా పారుతుంది. మిగిలింది ఆ పదార్థపు సొంత గుణం. దాన్నే ఉష్ణవాహకత అంటున్నాం.

ఒక మీటరు దళసరి, ఒక చదరపు మీటరు వైశాల్యం ఉన్న దిమ్మెకు రెండు వైపులా ఒక్క డిగ్రీ తేడా ఉంచితే ఎన్ని వాట్ల వేడి దాటుతుందన్నదే ఈ కొలత. వెండికి అది సుమారు 430, రాగికి 400, అల్యూమినియానికి 235, ఇత్తడికి 110 చిల్లర, ఇనుముకు 80. స్టెయిన్‌లెస్ స్టీలుకు వచ్చేసరికి ఒక్కసారిగా 15. గాజు 1 దగ్గర, ఇటుక 0.7 దగ్గర, నీరు 0.6, కలప 0.15 దగ్గర, నూలు, ఉన్ని 0.04. కదలకుండా నిలిచిన గాలికి 0.025 మాత్రమే. రాగికీ గాలికీ మధ్య 16,000 రెట్ల తేడా ఉంది. సత్తు గిన్నెల్ని చాలా ఊళ్ళలో ‘సిల్వర్ గిన్నెలు’ అంటారు. అవి అల్యూమినియం గిన్నెలు, వెండితో వాటికి చుట్టరికం లేదు. అయినా వేడిని మోయడంలో వెండి, రాగి, బంగారం తర్వాత వంటింటికి అందుబాటులో ఉన్నది అదే కాబట్టి, పాలు అంత త్వరగా పొంగడంలో ఆశ్చర్యం లేదు.

లోహాలకు ఈ బలం ఎలా వచ్చింది? లోహంలో ప్రతి పరమాణువూ ఒకటో రెండో ఎలక్ట్రాన్లను ఉమ్మడి సొత్తుగా వదిలేస్తుంది. అవి లోహమంతటా స్వేచ్ఛగా తిరుగుతూ, వేడి చివర అందుకున్న శక్తిని చల్లటి చివరకు చేరవేస్తాయి. కరెంటును మోసేవీ అవే. అందుకే కరెంటును బాగా మోసే లోహం వేడినీ బాగా మోస్తుంది. రాళ్ళల్లో, కలపలో ఇలాంటి స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు లేవు. అక్కడ ఒక పరమాణువు ఊగి పక్కదాన్ని ఊపాలి, అది దాని పక్కదాన్ని ఊపాలి. అందుకే ఆలస్యం. స్టెయిన్‌లెస్ స్టీలులో ఇనుముతో పాటు క్రోమియం, నికెల్ పరమాణువులు ఎక్కడపడితే అక్కడ ఇరుక్కుని ఉంటాయి. ఎలక్ట్రాన్లు అడుగడుగునా వాటికి తగిలి చెదిరిపోతాయి. తుప్పు పట్టని గుణం కోసం మనం చెల్లించిన మూల్యం అది. ఈ నియమానికి లొంగనిది వజ్రం. అందులో స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు లేకపోయినా, పరమాణువుల అల్లిక బిగువుగా, క్రమంగా ఉండడం వల్ల ఊపు అంతే వేగంగా సాగిపోయి, రాగికన్నా ఐదు రెట్లు మెరుగ్గా వేడిని మోస్తుంది.

పెనం, రాచిప్ప, తడి మసిగుడ్డ

వంటింట్లోకి వెళ్తే ఆ రెండో ప్రశ్న, ‘ఎంత దాచుకుంటుంది’ అన్నది, ముందుకు వస్తుంది. కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4.2 కిలోజౌళ్ళ శక్తి కావాలి. అల్యూమినియానికి 0.9, రాతికి 0.8 దగ్గర, ఇనుముకు 0.45, రాగికి 0.39 సరిపోతాయి. వీటిని వస్తువు బరువుతో గుణిస్తే, అది ఎంత వేడిని మూటగట్టుకోగలదో తెలుస్తుంది.

పోత ఇనుము పెనం ఉష్ణవాహకత 50 దగ్గరే ఉంటుంది. అల్యూమినియం ముందు అది మందకొడి. అయినా అట్లు దాని మీదే బాగా వస్తాయని అమ్మమ్మలు పట్టుబట్టడంలో న్యాయం ఉంది. రెండు కిలోల పెనం కాగేటప్పుడు చాలా వేడిని నింపుకుంటుంది. గరిటెడు చల్లటి పిండి పడినా దాని ఉష్ణోగ్రత పెద్దగా పడిపోదు, అట్టు అడుగు ఒక్కసారిగా బిగిసి కరకరలాడుతుంది. పలుచటి పెనం మీద అదే పిండి పోస్తే పెనం చల్లబడిపోయి, అట్టు మెత్తగా, పాలిపోయి వస్తుంది. పిండి పోసే ముందు నీళ్ళు చిలకరించి చూడడం కూడా కొలతే. ఓ మోస్తరుగా కాగిన పెనం మీద చుక్క సుయ్యిమని ఇగిరిపోతుంది. మరీ కాగితే, అంటే సుమారు 200 డిగ్రీలు దాటితే, చుక్క ముత్యంలా గుండ్రమై పెనమంతా పరుగెడుతుంది. చుక్క అడుగున పుట్టిన ఆవిరి పొరే దాన్ని పైకెత్తి, వేడి తగలకుండా అడ్డుపడుతుంది. 1756లో జర్మన్ వైద్యుడు లైడెన్‌ఫ్రాస్ట్ దీన్ని వివరించాడు. మన వంటిళ్ళలో దానికి మందు అరచెక్క ఉల్లిపాయతో ఒకసారి రుద్దడం, మంట తగ్గించడం.

రాచిప్పలో పులుసు కాచే ఇళ్ళు ఇప్పుడు తగ్గిపోయాయి గానీ, వేడి గురించి అంత చక్కగా పాఠం చెప్పే పాత్ర ఇంకోటి లేదు. మెత్తటి బలపపు రాతితో చెక్కిన ఆ చిప్ప ఉష్ణవాహకత 3 దగ్గర, స్టీలులో ఐదో వంతు. పొయ్యి మీద పెట్టాక పావుగంట దాకా అసలు కాగుతోందా అన్న అనుమానం వస్తుంది. ఒక్కసారి కాగాక మాత్రం పట్టకారుతో దింపి చుట్టకుదురు మీద పెట్టినా పులుసు గుబగుబ ఉడుకుతూనే ఉంటుంది. అంచున బుడగలు లేచి పగలడం నిమిషాల తరబడి కనిపిస్తుంది. పొయ్యి లేదు, మంట లేదు. అప్పటిదాకా చిప్ప గోడల్లోకి ఎక్కిన వేడి ఇప్పుడు పులుసులోకి దిగుతోంది. ఆలస్యంగా ఎక్కించుకున్న వేడిని ఆలస్యంగానే దించుతుంది. ఈ చిప్పను గుర్తు పెట్టుకోండి, మన స్లాబు కూడా ఇలాంటిదే.

మసిగుడ్డ సంగతి ప్రతి వంటమనిషికీ అనుభవమే. పొడి గుడ్డతో ఎంత వేడి గిన్నెనైనా దించవచ్చు. అదే గుడ్డ తడిసి ఉంటే చెయ్యి చురుక్కుమంటుంది. పొడి గుడ్డలో మనల్ని కాపాడేది నూలు కన్నా, నూలు పోగుల మధ్య చిక్కుకున్న గాలి. గుడ్డ తడిస్తే ఆ గాలి స్థానంలో నీరు చేరుతుంది. గాలి వాహకత 0.025, నీటిది 0.6. అంటే కాపలా ఉన్నచోటే ఇరవై నాలుగు రెట్లు పెద్ద దారి తెరుచుకున్నట్టు. దానికి తోడు వేడికి పుట్టే ఆవిరి కూడా చేతికి తగులుతుంది.

గాలిని కదలనివ్వకుండా పట్టి ఉంచడమే మనిషి కనిపెట్టిన వేడి కాపలాలన్నింటి రహస్యం. కదిలే గాలి వేడిని మోసుకుపోతుంది, నిలిచిన గాలి అడ్డుకుంటుంది. గొర్రెల కాపరి భుజాన ఉండే గొంగడిని చలికాలపు వస్తువు అనుకుంటాం. వాళ్ళు మండుటెండలో కూడా దాన్ని తల మీద కప్పుకుంటారు. ఉన్ని తనంతట తాను వెచ్చదనం పుట్టించలేదు. ఒంటి వేడి బయటికి పోకుండా ఎలా ఆపుతుందో, ఎండ వేడి లోపలికి రాకుండా అలాగే ఆపుతుంది. ఐసు దిమ్మెల్ని రంపపు పొట్టులోనో ఊకలోనో పెట్టి, గోనెపట్టా కప్పి అమ్మేవాళ్ళూ ఈ పనే చేస్తారు. తాటాకు, రెల్లుగడ్డి కప్పిన ఇళ్ళు మధ్యాహ్నం పూట ఊపిరి పోసేది కూడా ఆ గడ్డి పొరల్లోని గాలి వల్లే.

పైకప్పు లెక్క

ఇక పైకప్పు దగ్గరికి వద్దాం. ఐదు అంగుళాల కాంక్రీటు స్లాబు చదరపు మీటరుకు సుమారు 300 కిలోలు తూగుతుంది. దాని వాహకత లోహాలంత ఎక్కువ కాదు, గడ్డి అంత తక్కువా కాదు, 1 నుంచి 2 మధ్య ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మిట్టమధ్యాహ్నం చదరపు మీటరు మీద పడే ఎండ దాదాపు 1,000 వాట్లు. మాసిన సిమెంటు గచ్చు అందులో మూడింట రెండు వంతులను పీల్చుకుంటుంది. పైభాగం మధ్యాహ్నం ఒంటిగంట, రెండు గంటల మధ్య బాగా కాగుతుంది. కానీ ఆ కాక అడుగుభాగానికి దిగడానికి మూడు, నాలుగు గంటలు పడుతుంది. అంటే మన నెత్తిమీది కప్పు బాగా వేడెక్కేది సాయంత్రం ఐదు గంటల ప్రాంతంలో. బయట గాలి చల్లబడుతున్న వేళకు లోపల పొయ్యి అంటుకుంటుంది.

దాచుకున్న వేడి ఎంత? ఒక చదరపు మీటరు స్లాబు సగటున 10 డిగ్రీలు పెరిగితే అందులో చేరేది సుమారు 2,640 కిలోజౌళ్ళు. కరెంటు లెక్కలో చెబితే ముప్పావు యూనిటు. వెయ్యి చదరపు అడుగుల ఇంటి కప్పు మొత్తం మీద అది దాదాపు 70 యూనిట్లు. 1,000 వాట్ల హీటరు 70 గంటలు ఆపకుండా వెలిగితే పుట్టే వేడి అది. ఒక్క పగటి ఎండలో నిండిన ఈ వేడిలో కొంత రాత్రి ఆకాశంలోకి పోతుంది, మిగిలినది గదిలోకి దిగుతుంది.

దిగేది ముఖ్యంగా గాలి ద్వారా కాదు. ఫ్యాను తోస్తే తప్ప వేడిగాలి పైకి పోతుందే గాని కిందికి రాదు. కప్పు నుంచి మంచం మీదికి వేడి వచ్చేది వికిరణం ద్వారా. కంటికి కనబడని పరారుణ కిరణాలకు గాలితో పనిలేదు, ఫ్యానుతో ఆగవు. ఊరికే పడుకున్న మనిషి ఒంట్లో కూడా 80 నుంచి 100 వాట్ల వేడి పుడుతూ ఉంటుంది, అది ఎలాగైనా బయటికి పోవాలి. గోడలూ కప్పూ చర్మం కన్నా చల్లగా ఉంటే అందులో పెద్ద భాగం వికిరణంగా వాటికి చేరుతుంది. కప్పు చర్మం కన్నా వేడిగా ఉంటే ఆ దారి మూసుకుపోవడమే కాదు, ఎదురు రావడం మొదలవుతుంది. ఇక చెమట ఒక్కటే దిక్కు. వేసవి రాత్రులు ముసలివాళ్ళను, పసిపిల్లలను అంతగా పీల్చేసేది ఇదే. దీన్ని అసౌకర్యమని తేలిగ్గా తీసిపారేయడం నాకు సబబుగా తోచదు.

రేకుల కప్పును దీని పక్కన పెట్టి చూస్తే రెండు గుణాల తేడా కళ్ళకు కడుతుంది. అర మిల్లీమీటరు ఇనుప రేకు చదరపు మీటరుకు నాలుగు కిలోలే. వేడిని క్షణంలో దాటిస్తుంది, ఏమీ దాచుకోదు. అందుకే రేకుల ఇంట్లో మధ్యాహ్నం నిలవలేం. పొద్దువాలిన అరగంటకే అది చల్లబడిపోతుంది. చలికాలం తెల్లవారుజామున ఆకాశంలోకి వేడిని వదిలేసి గాలికన్నా చల్లబడి, మంచు నీరు కార్చేది కూడా రేకే. స్లాబు ఇంట్లో మధ్యాహ్నం ఫర్వాలేదనిపించి రాత్రి కునుకు పట్టదు. ఒకదాని కష్టం పగలు, ఇంకోదాని కష్టం రాత్రి. రాయలసీమలో కొయ్య దూలాల మీద మందంగా మట్టి కప్పిన మిద్దెలకు, ఒకటిన్నర అడుగుల మట్టి గోడలకు ఈ రెండు బాధలూ తక్కువే. అంత దళసరి మట్టిని దాటడానికి పగటి కాకకు పన్నెండు గంటలకు పైగా పడుతుంది. అది లోపలికి చేరే లోపే తెల్లవారుజాము చల్లదనం బయటి నుంచి తరుముకొస్తుంది. చివరికి గోడ లోపలి వైపుకు చేరే వేడి హెచ్చుతగ్గు చాలా స్వల్పం.

కాంక్రీటు వద్దని నా వాదన కాదు. తుపాను గాలికి ఎగిరిపోని, నిప్పు రవ్వకు తగలబడని కప్పు విలువ తాటాకు ఇంట్లో బతికినవాళ్ళకు బాగా తెలుసు. కానీ మట్టి మిద్దె దళసరినీ, గడ్డి కప్పు గాలినీ వదిలేసి, ఐదంగుళాల స్లాబును ఏ కాపలా లేకుండా ఎండకు పరిచాం. కాపలా పైన ఉండాలి. కింద ఫాల్స్ సీలింగ్ కట్టిస్తే కొంత మేలే, అయితే స్లాబు మాత్రం మునుపటిలాగే కాగుతుంది. ఎండను పైనే ఆపితే స్లాబు గది చల్లదనంతో కలిసిపోయి, ఆ 300 కిలోల బరువు మనకు శత్రువు కాకుండా చుట్టమవుతుంది. అన్నింటికన్నా చౌకైనది తెల్ల సున్నం. కొత్తగా వేసిన సున్నం ఎండలో మూడింట రెండు వంతులకు పైగా వెనక్కి తిప్పి పంపుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లటి పైకప్పుల కోసం ప్రత్యేకంగా ఒక విధానాన్ని ప్రకటించింది. అందులో చెప్పే తెల్లపూతలూ తెల్లటి పెంకులూ చేసేది ఈ పనే. దుమ్ము పట్టి మాసిపోతే ప్రయోజనం సగం పోతుంది కాబట్టి ఏటా మార్చిలో ఒకసారి కడగాలి, అవసరమైతే మళ్ళీ పూయాలి.

ఇప్పుడు ఆ బకెట్ల సంగతి. ఒక లీటరు నీరు పూర్తిగా ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ళు తీసుకుపోతుంది. చదరపు మీటరు స్లాబులో 10 డిగ్రీలకు లెక్క తేలినది 2,640. అంటే చదరపు మీటరుకు లీటరు చిల్లర నీరు ఆవిరైతే, లెక్క ప్రకారం పగటి వేడి దాదాపు తీరిపోవాలి. కానీ ఆవిరి కావాలి. గొట్టంలో పడి కిందికి కారిపోయిన లీటరు, ఒక్కో డిగ్రీకి నాలుగు కిలోజౌళ్ళు మాత్రమే తీసుకుపోతుంది. పైగా నీళ్ళు చల్లబరిచేది పైపొరను. లోపల ఉన్న వేడి పైకి నడిచి రావడానికి మళ్ళీ ఆ మూడు నాలుగు గంటలే పడతాయి. రాత్రి పదింటికి చల్లిన నీటి ఫలితం అడుగుభాగానికి తెలిసేది ఒంటిగంటకో, రెండింటికో. అప్పటికి మనం ఎలాగో నిద్రపోయి ఉంటాం. సముద్రపు తేమ నిండిన విశాఖలోనో, కాకినాడలోనో నీరు అసలు అంత త్వరగా ఆవిరి కాదు, పొడిగాలి వీచే రామగుండంలోనో, కర్నూలులోనో అవుతుంది.

కిందటి వేసవిలో మేం ముందుగా సున్నం వేయించాం. ఆ తర్వాత సాయంత్రం నాలుగున్నరకే గచ్చు మీద పాత గోనెసంచులు పరిచి, కారిపోకుండా తడిపాం. నీరు నాలుగు బకెట్లు దాటలేదు. రాత్రి పది గంటలకు ఫ్యాను ఆపి, స్టూలెక్కి, కప్పుకు అరచెయ్యి ఆనించాను. వేడిగా తగల్లేదు, చల్లగానూ తగల్లేదు. ఏమీ తెలియలేదు. అంటే కప్పు నా చర్మంతో సమానంగా, 33 డిగ్రీల దగ్గర ఉందన్నమాట.